మూత్రంలో ఫ్లోరైడ్ చూసే స్ట్రిప్ మీద ఇప్పటికే పేటెంట్ ఉంది, మా ప్రాజెక్టు ఆపేయాలా?

కనిగిరి కుర్రాడు

అందరికీ నమస్తే. ఒంగోలులో బీటెక్ బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది కనిగిరి దగ్గర పల్లె, కాబట్టి ఫ్లోరైడ్ నీళ్ళ గురించి పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన పని పడలేదు. మా బ్యాచ్ ప్రాజెక్టు, మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూపించే కాగితం స్ట్రిప్. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్ర రంగు పూస్తాం. ఫ్లోరైడ్ తగిలితే ఎరుపు తగ్గి పసుపులోకి వస్తుంది. ఫోన్ కెమెరాతో ఆ రంగు చదువుతాం. మూత్రంలో ఉండే ఫాస్ఫేట్ కూడా అదే రంగును పోగొడుతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. దానికి మేమొక దారి కనిపెట్టాం.

[ఈ పేరా తీసేశాం. కారణం కింద 'చెన్నైలో కావలి' పోస్టులో ఉంది. - మోడరేటర్]

పేటెంట్ వేద్దామని గైడ్ సార్ అన్నారు. వెతికితే మన దేశంలోనే గ్రాంట్ అయిన పేటెంట్ ఒకటి కనపడింది. టైటిల్ 'శరీర ద్రవాల్లో ఫ్లోరైడ్ గుర్తించే పరికరం, పద్ధతి' అని ఉంది. అబ్‌స్ట్రాక్ట్‌లో కాగితం, రంగు, మొబైల్ కెమెరా అన్నీ ఉన్నాయి. అది చూసినప్పటి నుంచి టెన్షన్. ఇక మాకు మిగిలిందేముంది?

ఒంగోలు గిత్త

ఏం భయపడకు తమ్ముడూ. జిర్కోనియం అలిజరిన్ రంగుతో ఫ్లోరైడ్ కొలవడం 1930ల నాటి విద్య. నీళ్ళ టెస్టింగ్ కిట్లలో ఎప్పటి నుంచో వాడుతున్నారు. పాత కెమిస్ట్రీకి కాగితం తగిలించి పేటెంట్ ఇచ్చేస్తే అయిపోతుందా? కోర్టులో ఒక్కరోజు నిలబడదు. మీ పని మీరు చేసుకోండి.

పొగతోట ల్యాబ్

గిత్త గారూ, కోర్టుకు వెళ్ళే ఖర్చు మీరు పెట్టుకుంటారా? నెల్లూరు పొగతోటలో చిన్న ల్యాబ్ నాది. ఒకసారి మేము వాడే కిట్ గురించి లాయరు నోటీసు వచ్చింది. రెండు పేజీలు. పేటెంట్ నంబరు, టైటిల్, 'వెంటనే ఆపవలెను' అన్న మాట. ఏ క్లెయిము (పేటెంట్ హద్దు చెప్పే వాక్యం), మా కిట్‌లో ఏ భాగం దానికి తగులుతుంది అన్న ముక్క ఒక్కటీ లేదు. మేము జవాబులో అదే అడిగాం, మళ్ళీ ఉత్తరం రాలేదు. కానీ ఆ నెలంతా డీలరు కిట్లు పంపడం మానేశాడు. చెల్లని పేటెంటైనా వ్యాపారాన్ని ఆపగలదు. అది గుర్తు పెట్టుకొని మాట్లాడండి.

చెన్నైలో కావలి

ముందు మోడరేటర్ గారికి: మొదటి పోస్టులో వాళ్ళ ఉపాయం రాసిన పేరా దయచేసి వెంటనే తీసేయండి.

తమ్ముడూ, దరఖాస్తు వేయకముందే నీ ఇన్వెన్షన్‌ను ఊరందరికీ చెబుతున్నావు. మన దేశంలో 'బయటపెట్టి ఏడాది లోపు వేసుకోవచ్చు' అన్న సాధారణ వెసులుబాటు లేదు. పేటెంట్ చట్టం సెక్షన్ 31లో ఉన్నది కొద్దిపాటి మినహాయింపు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్, పండిత సంఘం ముందు చదివిన పేపరు లాంటి వాటికి 12 నెలలు. కాలేజీ టెక్ ఫెస్టు, యూట్యూబ్ వీడియో, ఇలాంటి ఫోరం అందులోకి రావు. నువ్వు రాసింది పైపైన ఉంది, అసలు కిటుకు అందులో లేదు, బతికిపోయావు. ఇక్కడ ఇకపై మీ దాంట్లో ఏది లేదో చెప్పు, ఏది ఉందో చెప్పకు.

ఇక అసలు విషయం. నేను చెన్నైలో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. మన ఆంధ్రా దరఖాస్తులు వచ్చేది చెన్నై ఆఫీసుకే. పొలం దస్తావేజులో ఊరి పేరు, సర్వే నంబరు చూసి పొలమెంతో చెప్పలేం కదా, చెక్కుబందీ చూడాలి. పేటెంట్‌కు చెక్కుబందీ క్లెయిములే. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, బొమ్మలు హద్దులు చెప్పవు. అర్థం చేసుకోవడానికి సాయపడతాయి, అంతే.

నువ్వు చదివిన క్లెయిములు ఏ కాపీలోవి? దరఖాస్తు 18 నెలలకు పబ్లిష్ అయినప్పటివా, గ్రాంట్ అయినప్పటివా? ఈ రెండిటికీ మధ్య చాలా జరుగుతుంది. పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ సైట్లో దరఖాస్తు నంబరు కొడితే ఎగ్జామినర్ ఇచ్చిన మొదటి రిపోర్టు, దానికి వాళ్ళిచ్చిన జవాబు, మార్చిన క్లెయిములు అన్నీ దొరుకుతాయి. అవి దించుకొని మళ్ళీ రా.

కనిగిరి కుర్రాడు

థ్యాంక్స్ అన్నా. నేను చదివింది పబ్లిష్ అయిన కాపీయే. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను, చాలా తేడా ఉంది.

పాత క్లెయిమ్ 1లో మూడే ఉన్నాయి: నమూనా పీల్చే కాగితం మెత్త, జిర్కోనియం రంగు పూసిన గడి, పోల్చి చూసుకోవడానికి రంగుల పట్టీ. గ్రాంట్ అయిన క్లెయిమ్ 1లో నాలుగోది చేరింది: మెత్తకూ రంగు గడికీ మధ్యలో ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచే పొర. పాత క్లెయిమ్ 10 'ఫ్లోరోసిస్‌ను నిర్ధారించే పద్ధతి' అని ఉండేది, అది కొత్త కాపీలో అసలు లేదు. క్లెయిమ్ 4 మాత్రం అలాగే ఉంది, 'క్లెయిమ్ 1లోని పరికరమే, రంగును మొబైల్ కెమెరాతో చదువునది' అని. మా భయం దాని గురించే. మాది కూడా మొబైల్ కెమెరానే.

మా స్ట్రిప్‌లో ఫాస్ఫేట్‌ను పట్టే పొర లేదు. మేము ఫాస్ఫేట్‌ను తీసేయం.

చెన్నైలో కావలి

నువ్వు రాసిన చివరి రెండు వాక్యాల్లోనే చాలా వరకు జవాబు ఉంది.

క్లెయిమ్‌లో నాలుగు భాగాలు రాస్తే, ఆ నాలుగూ నీ దాంట్లో ఉంటేనే నువ్వు దాని హద్దులో ఉన్నట్టు. ఒక్కటి లేకపోయినా, దానికి బదులు అదే పని చేసేది ఇంకోటి లేకపోతే, బయట ఉన్నట్టే. చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. 'వాళ్ళవి నాలుగే, మేము ఇంకో రెండు కలిపాం, కాబట్టి మాది వేరు' అంటారు. వాళ్ళ నాలుగూ నీలో ఉన్నాక నువ్వు పది కలిపినా తప్పించుకోలేవు. మీ దాంట్లో ఏది లేదో చెప్పమన్నది అందుకే.

క్లెయిమ్ 4 గురించి నీ భయం అక్కర్లేదు. అది క్లెయిమ్ 1 మీద నిలబడింది. అంటే క్లెయిమ్ 1లోని నాలుగు భాగాలూ, వాటి పైన మొబైల్ కెమెరా. మొబైల్ కెమెరాతో రంగు చదవడం మొత్తం వాళ్ళదైపోలేదు. క్లెయిమ్ 1కి బయట ఉంటే 4కీ బయటే. ఇలా ఇంకో క్లెయిమ్ మీద ఆధారపడని ఇండిపెండెంట్ క్లెయిములు ఇంకేమైనా ఉన్నాయేమో చూడు. కిట్ అనో, తయారీ పద్ధతి అనో వేరే నంబరుతో పెట్టి ఉంటారు. వాటిని మళ్ళీ మొదటి నుంచి భాగాలుగా విడగొట్టి చూడాలి.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. 'పొర లేదు' అని మీరంటారు. ఫాస్ఫేట్‌ను పట్టే పొడిని మెత్తలోనే కలిపేసి పొర లేదంటే జడ్జి నవ్వుతాడు. పదాలు తప్పించినా, ముఖ్యమైన పని అదే తీరులో జరిగితే ఉల్లంఘన కిందకు రావచ్చు. అయితే ఇక్కడ ఒక సంగతి మీ వైపు ఉంది. ఆ పొర మొదటి నుంచీ లేదు, ఎగ్జామినర్ పాత పేపర్లు చూపించి అడ్డం చెబితే దాన్ని చేర్చి పేటెంట్ తెచ్చుకున్నారు. ఆ జవాబు ఉత్తరంలో 'మా కొత్తదనం ఈ పొరలోనే ఉంది' అన్న అర్థంలో ఏమైనా రాశారా? రాసుంటే, రేపు 'పొర అంత ముఖ్యం కాదు' అనడం వాళ్ళకు కష్టం. గ్రాంట్ కాపీ కంటే ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదువు. నా ఉద్యోగంలో సగం ఆ ఉత్తరాలు చదవడమే, నిద్ర పట్టని రాత్రులకు బాగా పనికొస్తాయి కూడా.

కనిగిరి కుర్రాడు

రాశారన్నా! 'ఫాస్ఫేట్ పొర లేకుండా మూత్రంలో ఈ రంగు పనిచేయదు, పాత పేపర్లన్నీ నీళ్ళకు సంబంధించినవి' అన్న అర్థంలో ఒక పేరా ఉంది. ఇంకో ఇండిపెండెంట్ క్లెయిమ్ ఉంది, కిట్ గురించి. అందులోనూ ఆ పొర ఉంది.

ఒంగోలు గిత్త

ఇంత చదివాక కూడా నా మాట అదే. కావలి అన్నా, సూటిగా చెప్పు. ఆ పేటెంట్ చెల్లుతుందా, చెల్లదా? 1937లోనే మన ప్రాంతం ఫ్లోరోసిస్ మీద పరిశోధన పత్రం వచ్చింది. షార్ట్ అనే ఆయన బృందం అప్పటి నెల్లూరు జిల్లా గురించి రాసింది. పొదిలి, దర్శి, కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లావే గదా. మన తాతల ఎముకల మీద అంత పని జరిగాక ఇప్పుడెవరో వచ్చి మాది అనడం ఏంది?

చెన్నైలో కావలి

కోపం అర్థమైంది గానీ, 1937 పత్రం జబ్బు ఉందని చెప్పింది. ఫాస్ఫేట్ పొర ఉన్న కాగితం స్ట్రిప్ గురించి చెప్పలేదు. పాత పత్రం ఒక క్లెయిమ్‌ను పడగొట్టాలంటే అందులో ఆ క్లెయిమ్ భాగాలన్నీ ఉండాలి, లేదా రెండు మూడు పత్రాలు కలిపి చూస్తే ఆ రంగంలో పనిచేసే మామూలు మనిషికి ఇట్టే తట్టేలా ఉండాలి. రంగు పాతది, కాగితం పాతది, అది నిజమే. మూత్రానికి ఆ పొర పెట్టడం ఎవరికైనా తట్టేదేనా అన్నది అసలు ప్రశ్న. దానికి నేను ఫోరంలో జవాబు చెప్పను.

కానీ ఒక మాట. చెల్లుబాటు వేరు, పరిధి వేరు అని విడివిడిగా మాట్లాడతాం గానీ రెండిటికీ క్లెయిమ్‌ను ఒకేలా చదవాలి. 'ఇది చాలా విశాలం, పాత కిట్లన్నీ ఇందులోకి వస్తాయి, కాబట్టి చెల్లదు' అని వాదిస్తే, అదే చదువులో నీ స్ట్రిప్ కూడా లోపలికి వస్తుంది. 'ఇది ఇరుకు, పొర ఉంటేనే' అంటే నువ్వు బయట ఉంటావు, కానీ పేటెంట్ పడగొట్టడం కష్టమవుతుంది. ఈ పిల్లలకు రెండో చదువే మేలు. పక్కవాడి పేటెంట్ బతికుంటే వీళ్ళకు నష్టమేం లేదు.

దాన్ని కొట్టేయించాలని నీకు అంత ఉంటే దారులున్నాయి. గ్రాంట్ కాకముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. గ్రాంట్ ప్రచురించాక ఏడాది లోపు సంబంధం ఉన్నవాళ్ళు వేయొచ్చు. అది దాటితే సెక్షన్ 64 కింద హైకోర్టే. పొగతోట అన్నకు వచ్చినలాంటి ఉత్తరాలకు సెక్షన్ 106 ఉంది, ఆధారం లేని బెదిరింపులు ఆపించమని కోర్టును అడగొచ్చు.

పొగతోట ల్యాబ్

106 సంగతి మా లాయరు కూడా చెప్పాడు. ఆయన ఫీజు విన్నాక మేమే ఆగిపోయాం.

బయోకెమిస్ట్రీ మేడమ్

మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే మనిషిగా రెండు విషయాలు. బాబూ, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువుందంటే ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు. ఈమధ్య ఎంత ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్ళిందో అది చెబుతుంది. ఎముకల్లో ఏళ్ళ తరబడి చేరింది చెప్పదు. ముప్పై ఏళ్ళు బోరునీళ్ళు తాగి నడుం వంగిన మనిషి ఈమధ్య మంచినీళ్ళు తాగుతుంటే స్ట్రిప్‌లో అంకె తగ్గి కనపడవచ్చు. జబ్బు తేల్చాలంటే ఎక్స్‌రే చూడాలి, పళ్ళు చూడాలి, ఏ నీళ్ళు తాగారో అడగాలి. అదీగాక ఒక్కసారి పట్టిన మూత్రంలో అంకె గంటగంటకూ మారుతుంది. క్రియాటినిన్‌తో (మూత్రం ఎంత పలచగా ఉందో చెప్పే పదార్థం) సరిచేయకపోతే మీ అంకెకు విలువ లేదు. మీ రిపోర్టులో 'ఫ్లోరోసిస్ టెస్ట్' అని పెద్దక్షరాలతో రాయకండి.

రెండోది అడగాల్సిందే. మన చట్టంలో రోగ నిర్ధారణ పద్ధతులకు పేటెంట్ ఇవ్వరని విన్నాను. మరి దీనికెలా ఇచ్చారు?

చెన్నైలో కావలి

మేడమ్, మీ మొదటి పాయింటు వైద్యానికే కాదు, పేటెంట్‌కూ చాలా ముఖ్యం.

సెక్షన్ 3(ఐ) ప్రకారం మనుషులకు చేసే చికిత్స, శస్త్రచికిత్స, రోగ నిర్ధారణ లాంటి పద్ధతులు ఇన్వెన్షన్ కిందకు రావు. రోగ నిర్ధారణ అన్న మాట 2002 సవరణతో చేరింది. ఆపిందల్లా పద్ధతిని మాత్రమే. పరికరానికి, రసాయనానికి, కిట్‌కు అడ్డం లేదు. వాళ్ళ క్లెయిమ్ 10 ఎగిరిపోయి క్లెయిమ్ 1 మిగలడానికి కారణం బహుశా అదే, రిపోర్టులో 3(ఐ) అని రాసి ఉంటుంది చూడు తమ్ముడూ.

యూరప్‌లో అయితే మనిషి ఒంటి మీద చేసే నిర్ధారణ పద్ధతులకే అడ్డం, నమూనా ల్యాబుకు తెచ్చి ట్యూబులో చేస్తే పేటెంట్ ఇస్తారు. ఇక్కడా అంతేనని చాలా కాలం వాదనలు నడిచాయి. 2023 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఒక తీర్పిచ్చింది. చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్, సీక్వెనామ్ అనే కంపెనీ కలిసి వేసిన దరఖాస్తు అది, తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏ గురించి. కోర్టు చెప్పిందేమంటే, 3(ఐ) ఒంటి మీద చేసే వాటికే పరిమితం కాదు, ల్యాబులో చేసినా వర్తిస్తుంది. అయితే ఆ పద్ధతి వల్ల జబ్బు సంగతి బయటపడేలా ఉండాలి. ఏదో ఒక పరిమాణం కొలిచి, దాంతో జబ్బు తేలకపోతే అది నిర్ధారణ కాదు. ఆ కేసులో పేటెంట్ ఆఫీసు తిరస్కరణను పక్కన పెట్టింది.

తమాషా ఏమంటే, ఇదే సీక్వెనామ్‌కు తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ మీద అమెరికాలో ఉన్న ఇంకో పేటెంట్ 2015లో పోయింది. కారణం వేరు. 2012లో మేయో కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న సంబంధాన్ని కనిపెట్టి దానికి మామూలు ల్యాబు పనులు తగిలిస్తే పేటెంట్ రాదంది, ఆ దెబ్బ దీనికీ తగిలింది. కాబట్టి 'అమెరికాలో ఇచ్చారు', 'అమెరికాలో కొట్టేశారు' అన్న వాదన ఇక్కడ సూటిగా పనిచేయదు. ఏ దేశపు పేటెంట్ ఆ దేశానిదే.

ఇప్పుడు మేడమ్ చెప్పింది ఇక్కడ పెట్టండి. మూత్రంలో ఫ్లోరైడ్ కొలత ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ చెబుతుంది, జబ్బు చెప్పదు. పిల్లలు నిజాయితీగా అదే రాస్తే 3(ఐ) వైపు నుంచి కూడా కొంత ఊపిరి ఆడుతుంది. గొప్ప కోసం 'ఫ్లోరోసిస్‌ను తేల్చును' అని స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తుతో ఇచ్చే వివరణలో) పది చోట్ల రాస్తే, ఎగ్జామినర్ ఆ పదినీ ఎత్తి చూపిస్తాడు. నాకైతే పద్ధతి జోలికి పోకుండా పరికరంగానే రాయడం మంచిదనిపిస్తుంది. ఫోన్ యాప్ లెక్కను ఒక్కదాన్నే క్లెయిమ్ చేయకండి. అల్గారిదమ్ అని 3(కె) కింద ఆపేస్తారు.

ఇందుకూరుపేట రొయ్య

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాది రొయ్యల పీసీఆర్ ల్యాబు. తెల్లమచ్చ వైరస్‌కు, ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవికి శాంపిళ్ళు చూస్తాం. ఆ 3(ఐ) మాకు వర్తించదనుకుంటా, మనుషులకే గదా?

చెన్నైలో కావలి

పశువులకూ ఉందన్నా. జబ్బు లేకుండా చేయడానికి, వాటి ఆర్థిక విలువ పెంచడానికి చేసే అలాంటి పద్ధతులను కూడా అదే సెక్షన్ ఆపుతుంది. రొయ్యల చెరువులో శాంపిల్ తీసి టెస్టు చేయడం అందులోకి వస్తుందా అన్నది వేరే పెద్ద చర్చ, కొత్త థ్రెడ్ పెట్టండి.

పొగతోట ల్యాబ్

పేటెంట్ గొడవ తీరినంత మాత్రాన అమ్ముకోవచ్చని పిల్లలు అనుకోకూడదు. మనుషుల శాంపిల్ మీద వాడే టెస్ట్ కిట్ అంటే 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ఉన్నాయి, లైసెన్సు కావాలి. పేటెంట్ పక్కవాణ్ణి ఆపడానికే, నిన్ను అమ్ముకోనివ్వడానికి కాదు. నేను ల్యాబులో కొనేటప్పుడు పేటెంట్ ఉందా అని ఏ రోజూ అడగలేదు. లైసెన్సు ఉందా, కంట్రోల్ శాంపిల్ ఇస్తారా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఇవే అడుగుతాను.

కనిగిరి కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. రిపోర్టులో 3(ఐ) ఉంది, అన్నా చెప్పినట్టే క్లెయిమ్ 10 దాని వల్లే తీసేశారు. ఈ-రిజిస్టర్ కూడా చూశాను. ఈ ఏడాది రెన్యువల్ ఫీజు కట్టినట్టు కనపడటం లేదు. అంటే పేటెంట్ పోయినట్టేనా?

చెన్నైలో కావలి

తొందరపడకు. గడువు దాటినా ఆరు నెలల దాకా అదనపు ఫీజుతో కట్టొచ్చు. అది కూడా దాటి పోతే, పోయిన తేదీ నుంచి 18 నెలల లోపు తిరిగి బతికించమని అడగొచ్చు. మధ్యలో మొదలుపెట్టిన వాళ్ళకు కొంత రక్షణ ఉంటుంది గానీ దాని మీద ప్లాను వేసుకోకు. ఆ పేటెంట్ బతికే ఉందనుకొని, మీరు దాని బయట ఉన్నారనే లెక్కతో నడవండి. కాలేజీలో పరిశోధనకు, పిల్లలకు నేర్పడానికి వాడుకుంటే సెక్షన్ 47 ప్రకారం అసలు ఉల్లంఘన కాదు, కాబట్టి ప్రాజెక్టు ఆపే ప్రశ్నే లేదు.

టెక్ ఫెస్టుకు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు దొరుకుతాయి. కాలేజీ పేరుతో వేస్తే విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. ఆ 12 నెలల్లో మేడమ్ చెప్పిన క్రియాటినిన్ సంగతి తేల్చుకోండి. కనిగిరి వైపు నిజమైన శాంపిళ్ళ మీద చూడాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి.

కనిగిరి కుర్రాడు

సరే అన్నా. చివరగా ఒకటి. ఇన్వెంటర్లలో హెచ్‌ఓడీ గారి పేరు, ఇంకా పైవాళ్ళ పేర్లు కూడా పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

ఒంగోలు గిత్త

హహ, వచ్చేసింది అసలు ప్రశ్న.

చెన్నైలో కావలి

దరఖాస్తుదారుగా కాలేజీ ఉండొచ్చు, మీరు హక్కులు రాసిస్తే. ఇన్వెంటర్ అంటే ఆ ఆలోచనలో నిజంగా చేయి ఉన్నవాళ్ళే. గదికి తాళం ఇచ్చినందుకో, సంతకం పెట్టినందుకో ఇన్వెంటర్ కారు. మీ రికార్డు పుస్తకంలో ఎవరు ఏ రోజు ఏం చేశారో తేదీలతో రాసి, గైడ్ సార్ చేత సంతకం పెట్టించి ఉంచు. హెచ్‌ఓడీ గారికి మర్యాదగా ఆ పుస్తకం చూపించి, 'సార్, మీ పాయింటు ఇందులో ఎక్కడ రాయమంటారు' అని అడుగు.